జెడ్ పెట్టించండి అన్నయ్యగారూ

కారుకి వెనకవైపు డిక్కీ తలుపు మీద రెండు మూడు అక్షరాలు అతికించి ఉంటాయి. మారుతి స్విఫ్టునే తీసుకుంటే పెట్రోలు బండికి ఎల్ఎక్స్ఐ, విఎక్స్ఐ, జెడ్ఎక్స్ఐ. 2020 దాకా వచ్చిన డీజిల్ బండికి ఎల్‌డిఐ, విడిఐ, జెడ్‌డిఐ. పేరు ఒకటే, ఇంజను ఒకటే, దూరం నుంచి చూస్తే ఆకారమూ ఒకటే. ఎల్ అంటే బేస్ మోడల్, వి అంటే నడిమిది, జెడ్ అంటే టాప్ ఎండ్. ఎల్ నుంచి జెడ్‌కి వెళ్ళేసరికి ధర లక్షకి పైన పెరుగుతుంది. ఈ భాష నేర్చుకోవలసిన అవసరం నాకు యాభై ఆరేళ్ళ వయసులో, 2017లో, మా అక్క కూతురి కేసు వల్ల వచ్చింది.

విడాకుల కేసుతో పాటు, పెళ్ళిలో ఇచ్చినవి తిరిగి ఇప్పించమని కూడా పిటిషన్ వేయాలనుకున్నాం. దానికి వస్తువుల జాబితా కావాలి. బంగారం తులాల్లో రాశాం, వెండి గ్రాముల్లో రాశాం. మంచం, బీరువా, ఫ్రిజ్ అన్నీ చకచకా అయిపోయాయి. కారు దగ్గరికొచ్చేసరికి లాయరుగారు కలం ఆపి, "ఏ వేరియంటు?" అన్నారు. అక్కా నేనూ పిల్లా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. "తెల్లదండీ" అంది అక్క.

లాయరుగారు నవ్వలేదు. అవతలివాళ్ళు నోటీసుకిచ్చిన జవాబు తీసి చూపించారు. అందులో కారు గురించి రెండే వాక్యాలున్నాయి. కారు మా అబ్బాయి తన సంపాదనతో కొనుక్కున్నాడు. అది బేస్ మోడల్, అమ్మేసి చాలాకాలమైంది. మొదటి వాక్యం అబద్ధమని మాకు తెలుసు. ఆ రెండో వాక్యమెందుకు రాశారో ఆవిడ విడమరిచి చెప్పేదాకా మాకు తట్టలేదు. మా బావ పాస్‌బుక్కులో కార్ల డీలరు పేరిట రెండు డీడీల మొత్తాలున్నాయి. ఒకటి పెద్దది. రెండోది పెళ్ళికి పదిహేను రోజుల ముందు తీసినది, లక్షా చిల్లర. రెండూ కూడితే టాప్ ఎండ్ డీజిల్ బండి ధర వస్తుంది. అబ్బాయి బండి బేస్ మోడలని తేలితే ఈ డీడీలకీ ఆ బండికీ పొంతన కుదరదు. మీ బావగారు ఇంకెవరి కోసమో కొన్నారేమో, మాకేం తెలుసు అనొచ్చు. ఆర్సీ అవతలివాళ్ళ దగ్గరుంది, దాన్ని కోర్టు ద్వారా తెప్పించొచ్చు. "కానీ ముందు మన పిటిషన్లో మనం స్పష్టంగా రాయాలి. ఒక్క అక్షరం తప్పు రాసినా దాన్నే పట్టుకుంటారు" అన్నారావిడ.

ఇన్ని మాటలెందుకు, కారు నంబరు చెబితే సరిపోదా అని మీకనిపించవచ్చు. ఇప్పుడైతే నంబరు కొట్టగానే ఫోన్లో ఎంపరివాహన్ యాప్ మోడల్ పేరు చూపిస్తుంది. కానీ మా పిల్లకి నంబరు గుర్తులేదు. పెళ్ళినాటికి బండికి టీఆర్ కాగితమే అద్దానికి అంటించి ఉంది. అసలు రిజిస్ట్రేషన్ అత్తవారి జిల్లాలో అయింది. ఏపీ 05 అన్నంతవరకే దానికి గుర్తు. కాపురం బెంగుళూరులో, కారు మామగారి వాకిట్లో. తన పేరు చెప్పి కొన్న కారులో తను పదిసార్లు ఎక్కిందో లేదో. మా అక్కయితే ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మరి బావ దగ్గర బిల్లులుండవా? ఉండేవి. మా బావ కాగితాల మనిషి. ఉక్కు ఫ్యాక్టరీ కోసం భూములు పోయిన ఊళ్ళలో ఒకదానివాడు. నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు మీద ఉద్యోగం వచ్చింది. ఆ కార్డు దగ్గర్నుంచి పిల్ల స్కూలు ఫీజు రసీదుల దాకా అన్నీ ఫైళ్ళు కట్టి, కూర్మన్నపాలెం ఇంటి మేడ మీద రేకుల గదిలో ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఆ రేకుల్ని ఎత్తుకుపోయింది. తెల్లారి చూస్తే పెట్టె నిండా గుజ్జు. డీలరునడిగితే అంత పాత రికార్డులు లేవన్నాడు. మిగిలింది బ్యాంకు పాస్‌బుక్కూ, మా ఇంట్లో ఉండిపోయిన పెళ్ళి ఆల్బమూను.

పెళ్ళి 2012 ఫిబ్రవరిలో జరిగింది. అంతకుముందు నిశ్చయ తాంబూలాల రోజు మాటలు నాకు బాగా గుర్తు. వియ్యపురాలు సోఫా అంచున కూర్చుని మా బావతో, "మేం కట్నమంటూ ఏమీ అడగట్లేదు అన్నయ్యగారూ. బండి మాత్రం జెడ్ పెట్టించండి. మా తోటికోడలి కొడుక్కి వాళ్ళ మావగారు వి ఇచ్చారు. దానికి తగ్గితే ఏం బావుంటుంది?" అంది. వంటింట్లో కాఫీ కలుపుతున్న అక్క, జడ పెట్టించమంటున్నారేమో అనుకుని, జడబిళ్ళలు ఎప్పుడో చేయించాం కదా అంది నాతో. తర్వాత చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే నవ్వు రాదు. ఆ ఇంట్లో ఆ రోజున ఆ అక్షరం తెలిసిన ఆడది ఒక్క వియ్యపురాలే. ఆవిడకి డ్రైవింగు రాదు. కొడుకు వెల ఎంతో తోటికోడలికి తెలియాలి గనక ఆవిడ ఎల్, వి, జెడ్ నేర్చుకుంది.

పెళ్ళికొడుకుల్లో వేరియంట్లున్నంత కాలం పెళ్ళి సామాన్లలోనూ ఉంటాయి. మా నాన్నగారి తరంలో సైకిలు, వాచీ, రేడియో. సైకిలంటే సరిపోదు, డైనమో లైటున్నదా లేనిదా అని అడిగేవారట. 1985లో నా పెళ్ళప్పుడు స్కూటరు చేతకా, ప్రియానా అని మా పెద్దల మధ్య రెండు పూటలు నలిగింది. చేతక్ కావాలంటే ఏళ్ళ తరబడి క్యూ. ప్రియాతో సర్దుకున్నారు, సర్దుకున్నామని పదేళ్ళు గుర్తుచేశారు. ఇక్కడికి గంటన్నర దూరంలోని విజయనగరంలో గురజాడ ఆడపిల్ల వెల మీద నాటకం రాసి 1892లో ఆడించాడు. వెల చెల్లించేవాళ్ళు మారారు, బేరం పోలేదు.

బావ యూనియన్ మనిషి. 2011లో మానేసర్ మారుతి ఫ్యాక్టరీలో కార్మికులు ఆందోళనలు చేసినప్పుడు వాళ్ళకి మద్దతుగా గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డాడు. అదే నెలల్లో స్విఫ్ట్ డీజిల్ బుక్ చేసి, మానేసర్లో పని ఆగడం వల్ల బండి ముహూర్తానికి అందదేమోనని రాత్రిళ్ళు నిద్రపోలేదు. రెండూ నిజమే, రెండూ ఒకే మనిషిలో. ముందు విడిఐ బుక్ చేశాడు. జెడ్ మాట వచ్చాక పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీసి రెండో డీడీ కట్టాడు. ముప్పయ్యేళ్ళు ఉక్కు కరిగించిన మనిషి. విశాఖ ఉక్కు కడ్డీలుగా, వైరు రాడ్లుగా, దూలాలుగా బయటికి వెళ్తుంది. కారు ఒంటికి కావలసిన రేకు ఇక్కడ తయారు కాదు. ఆ రేకు ముక్కకోసం తన పీఎఫ్ పోసాడు.

గాజువాక ఆటోనగర్లో మా కాలేజీ బస్సులు రిపేరు చేసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆల్బం సంచిలో పెట్టుకుని నేనూ పిల్లా ఆయన దగ్గరికెళ్ళాం. పెళ్ళి ఫోటోలు చూసి కారు రకం చెప్పాలని అడిగితే వింతగా చూశాడు గానీ, విషయం చెప్పగానే చేతులు తుడుచుకుని బల్ల మీద జాగా చేశాడు.

డిక్కీ మీద అక్షరాలు కనిపించే ఫోటో కోసం మేం వెతుకుతుంటే ఆయన మొదటి మాటే మా పద్ధతి మార్చేసింది. "అక్షరం సూడకండమ్మా. అక్షరం వందా రెండొందలిస్తే మేవే అంటించేస్తాం. ఎల్ బండి తెచ్చుకుని వి అంటించమనీవోళ్ళు ఎంతమందో. కోర్టులో అది నిలబడదు. స్క్రూ తిప్పితే ఊడొచ్చీది ఏదీ నమ్మకండి. చిల్లి పెట్టి, వైరు లాగి బిగించాల్సింది ఏటుందో అది సూడండి."

అలా మొదలైంది. ముందు డోర్ హ్యాండిళ్ళు, పక్క అద్దాలు. ఆ తరం స్విఫ్టులో ఎల్ మోడల్‌కి అవి నల్లగా ఉంటాయి. పెద్దదానికి బండి రంగే ఉంటుంది. వరుడు తలుపు తెరిచి నిలబడ్డ ఫోటోలో హ్యాండిలు తెల్లగా ఉంది. "ఎల్ కాదు. నోటీసులో అబద్ధం ఇక్కడితో తేలిపోయింది" అన్నాడు మేస్త్రీ. అయితే వి కావచ్చు, జెడ్ కావచ్చు. చక్రాలకి అల్లాయ్ వీల్స్ ఉన్నాయి. నేను సంబరపడబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. అల్లాయ్‌లు ఆటోనగర్లో ఎవరికైనా దొరుకుతాయి, బయట బిగించుకోవచ్చు. టైరు మీద అంకెలు చూడాలి. ఎల్‌కీ, వికీ కంపెనీ ఇచ్చే టైరు 165/80 ఆర్ 14. జెడ్‌కి 185/65 ఆర్ 15.

టైరు మీద అంకెలు పెళ్ళి ఆల్బంలో ఎక్కడ దొరుకుతాయి? దొరికాయి. ఈ ఊళ్ళో కొత్త బండి కొన్న ప్రతివాళ్ళూ ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్ళి పూజ చేయిస్తారు. ఆ పూజ ఫోటోలు మా ఆల్బంలో ఒక పేజీ నిండా ఉన్నాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినప్పుడు ఫోటోగ్రాఫరు వంగి, దగ్గరగా తీశాడు. భూతద్దం పెట్టి చూస్తే నిమ్మకాయకి పైన, వంపు తిరిగిన అక్షరాల్లో 185, గీత, 65. పిల్ల గట్టిగా చదివింది. టైరూ అల్లాయూ కలిపి మార్చుకోవచ్చు కదా అని మళ్ళీ మేస్త్రీయే సందేహం లేవనెత్తాడు. అందుకని వెనక వైపు ఫోటో కావాలన్నాడు.

వెనక వైపు ఫోటోలో బంతిపూల దండ ఉంది. "దండ దేనికి కట్టీరో సూడండి" అన్నాడు. వెనక అద్దం మీది వైపరుకి కట్టారు. ఆ తరం బండిలో వెనక వైపర్ జెడ్‌కి మాత్రమే ఇచ్చారు. దాన్ని తర్వాత బిగించాలంటే తలుపుకి చిల్లి పెట్టాలి, మోటారు పెట్టాలి, నీళ్ళ గొట్టం లాగాలి. పెళ్ళి కారుకి ఎవరూ ఆ పని చెయ్యరు. ఆఖరిది లోపలి ఫోటో. డాష్‌బోర్డు ఎడమ పక్కన, సీటుకి ఎదురుగా, పూజారి పసుపుతో స్వస్తిక్ వేశాడు. ఆ పసుపు కిందనే ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని చెక్కిన అక్షరాలు. జెడ్‌డిఐ. అనుమానం లేదు. మేస్త్రీ డబ్బులు పుచ్చుకోలేదు. మేస్త్రీ కొట్లో కూర్చుని ఆల్బం రెండోసారి మొదటినుంచీ తిరగేస్తే ఇంకో సంగతి కనిపించింది. కారు ఉన్న ఫోటోలు ఇరవయ్యెనిమిది. మా అక్క ఉన్నవి పంతొమ్మిది.

ఆ ఎయిర్‌బ్యాగ్ అక్షరాలు మాత్రం నన్ను చాలాకాలం వదల్లేదు. వియ్యపురాలు జెడ్ అడిగింది అల్లాయ్ చక్రాల కోసం, తోటికోడలి కోసం. ముందు సీట్లలో కూర్చున్న ఇద్దరి ప్రాణాలకి అడ్డుపడే సంచులు కూడా ఆ అక్షరంతోనే వచ్చాయని ఆవిడకీ తెలియదు, మాకూ తెలియదు. అప్పట్లో మన దేశంలో ప్రాణరక్షణ కూడా అల్లాయ్‌ల్లాగే పై మోడళ్ళతో వచ్చే అలంకారం. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఇక్కడి ఐదు చిన్న కార్ల ఎయిర్‌బ్యాగుల్లేని మోడళ్ళని గోడకి గుద్దించి చూస్తే పెద్దవాళ్ళ రక్షణలో అన్నిటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. అదే ఏడాది నవంబరులో ఎయిర్‌బ్యాగుల్లేని స్విఫ్టుకీ సున్నాయే.

తర్వాత ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆ తేదీలు చూడండి. 2019 జూలై 1 నుంచి డ్రైవరు సీటుకి ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. పక్క సీటుకి మాత్రం కొత్త మోడళ్ళలో 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్ళలో 2021 ఆఖరికి. మన ఇళ్ళలో ఆ పక్క సీటెవరిది? ఒళ్ళో పసిబిడ్డతో, కాళ్ళ దగ్గర టిఫిను సంచితో అక్కడ కూర్చునేది ఎవరు? రెండున్నరేళ్ళ పాటు చట్టం దృష్టిలో కారంటే స్టీరింగు పట్టుకున్న మనిషి మాత్రమే. ఇది మన దేశపు దారిద్య్రమనుకోవడానికీ లేదు. గుద్దుడు పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మ దశాబ్దాలుగా ఎక్కువగా సగటు మగవాడి కొలతలతోనే తయారైంది. సీటు బెల్టు పెట్టుకున్న డ్రైవర్లలో, ఒకే తీరు ప్రమాదంలో, ఆడవాళ్ళకి తీవ్ర గాయాలయ్యే అవకాశం మగవాళ్ళకంటే 47 శాతం ఎక్కువని వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో లెక్క తేల్చారు. సగటు స్త్రీ శరీరాన్ని నమూనాగా తీసుకున్న బొమ్మని స్వీడన్‌లో ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గానీ ప్రపంచానికి చూపించలేదు. మా పిల్లకైతే ఆ పక్క సీటు కూడా దక్కలేదు. పూజకి వెళ్ళిన రోజున ముందు అత్తగారు కూర్చుంది, పిల్ల వెనక సీట్లో పూలబుట్ట పట్టుకుని కూర్చుంది. ఫోటో ఉంది.

మా కేసు నడుస్తుండగానే, 2021 జూన్‌లో, కేరళలో కొల్లం జిల్లా నుంచి విస్మయ వార్త వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ ఆయుర్వేద వైద్య విద్యార్థిని. భర్త అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు. బంగారం, భూమితో పాటు కారూ ఇచ్చారు. ఆ కారు అతనికి నచ్చలేదు. వేధింపులు భరించలేక ఆమె చనిపోయింది. 2022 మేలో కొల్లం కోర్టు అతనికి పదేళ్ళ శిక్ష వేసింది. పేపరు చదివి నేను చాలాసేపు అలా ఉండిపోయాను. బళ్ళు పరీక్షించడమే అతని వృత్తి. ఏ బండి ఏదో, దేని విలువెంతో ప్రభుత్వం జీతమిచ్చి చూడమన్న మనిషి.

చట్టం మన వైపు కొన్ని మాటలు రాసి పెట్టింది. పెళ్ళిలో వచ్చిన కానుకల జాబితా రాయాలని 1985 నుంచీ నిబంధనలున్నాయి. వధువుకి వచ్చినవాటి జాబితా వధువు దగ్గరుండాలి. ప్రతి వస్తువు వర్ణన, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవాళ్ళ పేరు, వాళ్ళ బంధుత్వం రాసి, వధూవరులిద్దరూ సంతకాలు చెయ్యాలి. స్త్రీధనం పూర్తిగా ఆమెదే, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అతనిది కాదని అదే 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గృహహింస చట్టం కింద కూడా మేజిస్ట్రేటు దాన్ని తిరిగి ఇప్పించవచ్చు. కానీ పెళ్ళిపందిట్లో ఆ జాబితా రాసి సంతకాలు పెట్టించిన ఇంటిని నా జీవితంలో నేను చూడలేదు. చదివింపుల పుస్తకంలో నూటపదహార్లు ఇచ్చినవాళ్ళ పేర్లు కూడా రాసుకుంటాం. ఎనిమిదో వంతు జీవితం ఖర్చు పెట్టి కొన్న కారుకి అందులో వరస ఉండదు. రాస్తే అది కట్నమవుతుందని భయం. ఇవ్వడం కూడా నేరమేగా. అందుకే మా పిటిషన్లో లాయరుగారు ఆ బండిని తండ్రి కూతురికిచ్చిన బహుమతి అని రాశారు. మా బావ ఆ వాక్యం దగ్గర ఆగి, "నేను దానికిచ్చింది కాదు కదమ్మా, వాళ్ళకిచ్చింది" అన్నాడు. లాయరుగారు కళ్ళజోడు తీసి, "అది ఇక్కడ అనండి బాబాయిగారూ, కోర్టులో అనకండి" అన్నారు.

పిటిషన్లో ఫోటోలు నాలుగు జత చేశాం. హ్యాండిలు, నిమ్మకాయ, బంతిపూల దండ, పసుపు స్వస్తిక్. ఒక్కో దాని కింద ఏం చూడాలో రెండేసి ముక్కలు పిల్లే రాసింది. కోర్టు ఆర్సీ తెమ్మన్న తర్వాత రెండు వాయిదాలు తెలియదన్నారు, మూడోసారి జిరాక్సు తెచ్చారు. అందులో జెడ్‌డిఐ అనే ఉంది. ఆ తర్వాత బేస్ మోడలన్న మాట మళ్ళీ ఎక్కడా వినపడలేదు. తరుగుదల మాట వినపడింది. అయిదేళ్ళు వాడిన బండికి కొత్త ధరెలా ఇస్తామని. వాడిందెవరని మావాళ్ళు. చివరికి 2022 డిసెంబరులో మధ్యవర్తిత్వంలో ఒక అంకెకి ఒప్పుకున్నారు. అది బావ కట్టిన రెండు డీడీలకంటే తక్కువ, ఒక్క డీడీకంటే ఎక్కువ.

బావ ఆ డబ్బు ముట్టుకోనన్నాడు. మరుసటేడు పిల్ల అందులోంచి కొంత తీసి, 2018 నాటి సెకండ్ హ్యాండు స్విఫ్టు కొంది. మా మేస్త్రీ వెంట వచ్చాడు గానీ ఆయన పెద్దగా చెప్పవలసిన పనిలేకపోయింది. అమ్మే అతను డిక్కీ దగ్గర నిలబడి అక్షరం చూపించబోతుంటే పిల్ల ముందు తలుపు తీసి, ఎడమ సీటుకి ఎదురుగా డాష్‌బోర్డు చూసింది. ఆ ఏడాది వచ్చిన కొత్త స్విఫ్టులో ఎల్ నుంచి జెడ్ దాకా అన్నిటికీ ముందు రెండు ఎయిర్‌బ్యాగులూ ఇచ్చారని ముందే చదువుకుని వచ్చింది. బేరమాడి ఎల్ కొంది. ఆర్సీ దాని పేరు మీదే. ఆదివారాలు అక్కని పక్కన కూర్చోబెట్టుకుని భీమిలి రోడ్డు మీద తిప్పుతుంది. వెనక వైపర్ లేదు. వానొస్తే దిగి గుడ్డతో తుడుచుకుంటుంది.